మేత గొడౌన్‌కి మధ్యలో స్తంభాలు ఉండాలా, వద్దా?

భీమవరం పక్కన మాది రొయ్యల మేత గొడౌన్. 60 అడుగుల వెడల్పు, మధ్యలో స్తంభం లేని పీఈబీ షెడ్డు (ఉక్కు ఫ్రేములు ఫ్యాక్టరీలో చేసి తెచ్చి ఇక్కడ బిగించేది), వెనక ఒక వసారా. పక్కనే మా బావమరిదిది అంతే వెడల్పు, కాకపోతే కొప్పు కింద ఒక వరస స్తంభాలున్నాయి. ఏళ్లుగా రెండింట్లోనూ సరుకు దించుతున్నాం.

స్తంభాలు వేయిస్తే స్టీలు బాగా కలిసొస్తుంది, కాదనను. కానీ లారీ రివర్స్ చేసిన ప్రతిసారీ టెన్షనే. బస్తాల నెట్లు కూడా స్తంభాలు తప్పించి కట్టాలి. పైగా మనది నల్లమట్టి. మధ్య వరస కాస్త కుంగింది, కొప్పు దగ్గర రేకు కీళ్లు సడలాయి, ఇప్పుడు వానొస్తే అక్కడే కారుతోంది. 100 అడుగులు దాటితే స్తంభాలు తప్పకపోవచ్చు గానీ, 60కి నేనైతే వేయించను.

మా షెడ్డు పక్కగోడల స్తంభాలు కింద సన్నగా, పైన దూలం కలిసే చోట వెడల్పుగా ఉంటాయి. వంపు బలం ఎక్కువగా పడేది ఆ మూలలోనే కాబట్టి ఉక్కు అక్కడే పెడతారు. గోడవారన పైభాగంలో కొంత చోటు పోతుంది. బస్తాలను ఎలాగూ గోడకి ఆనించం కాబట్టి మాకు నష్టం లేదు. క్రేన్ పెట్టేవాళ్లు మాత్రం కింద నుంచి పైదాకా ఒకే వెడల్పున్న స్తంభాలే అడగండి.

అసలు గొడవ పర్లిన్లతో, అంటే కప్పు రేకుల్ని మోసే అడ్డ కమ్మీలతో. షెడ్డుకి గాల్వనైజ్డ్ (జింక్ పూత ఉన్న) జెడ్ ఆకారం పర్లిన్లు వేయించాం, వసారాకి చవకని పెయింట్ వేసినవి. ఉప్పుగాలికి వసారావే ముందు పోయాయి. రెండు జెడ్‌లు ఒకదానిమీద ఒకటి ఎక్కే చోట పెయింట్ బుడగలు లేచి, గోధుమరంగు పొడి బస్తాల మీద రాలుతోంది. బ్రష్ దూరని సందు అది, మళ్లీ పెయింట్ కొట్టినా లాభం లేదు.

కొటేషన్లో గాలి వేగం చూడండి. కట్టడాల మీద పడే బరువులు, గాలి లెక్కకి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మన డెల్టాకి సెకనుకి 50 మీటర్లు. మాకొచ్చిన ఒక చవక కొటేషన్లో హైదరాబాద్‌కి వాడే 44 వేశారు. తుఫానులో తేలికపాటి కప్పుని గాలి పైకి లాగుతుంది, అంటే పునాది బోల్టుల లెక్క కూడా తప్పినట్టే.

గాలికి షెడ్డు ఒరగకుండా పక్కగోడలో ఇంటూ ఆకారంలో వేసే బ్రేసింగ్ రాడ్లు ఏ రెండు స్తంభాల మధ్య వస్తాయో డ్రాయింగ్‌లోనే తేల్చుకోండి. షటర్ కావాల్సిన చోట రాడ్లకి బదులు పోర్టల్ ఫ్రేమ్ (దారి ఖాళీగా వదిలే గట్టి ఉక్కు చట్రం) ఇస్తారు, కొంచెం ఖర్చు ఎక్కువ. తర్వాత అడ్డమొచ్చిందని రాడ్డు కోయించేవాళ్లని చూశాను, ఆ పని మాత్రం చేయకండి.