పడవ ఇంజనుపై వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

చిత్తూరులో పెట్రోల్ ఇంజన్లు విప్పి బిగించే చిన్న షెడ్డు నాది. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ అంటే పొగలోని ఆక్సిజన్‌ను చూసి, ఇంజనులో గాలి, పెట్రోలు ఏ పాళ్లలో కలిసి మండుతున్నాయో చెప్పే పరికరం. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 రకం వైడ్‌బ్యాండ్ సెన్సార్‌ను, దాన్ని నడిపే కంట్రోలర్‌ను, డయల్‌ను మొదట కార్ల కోసమే తెప్పించుకున్నాను. తరువాత చెన్నైలో ఉండే మా మేనమామ కొడుకు తన వేగపు పడవలోని 5.7 లీటర్ల వీ8 ఇంజనును మరమ్మతు కోసం నా దగ్గరికి పంపాడు. అప్పటి నుంచి ఈ పరికరం కార్ల మీద కంటే పడవ మీదే ఎక్కువ పనిచేసింది. దీన్ని ట్యూనింగ్ పనిముట్టుగా కొనుక్కోవడం దండగ కాదు. అయితే పడవలో శాశ్వతంగా బిగించి మరిచిపోదగిన భాగం మాత్రం ఇది కాదన్నది నా నిశ్చితాభిప్రాయం.

మామూలు కార్లలో ఉండే నారోబ్యాండ్ సెన్సార్ సరైన మిశ్రమానికి ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నది మాత్రమే చెబుతుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ ఏర్పాటులో వోల్టేజీ సుమారు 0.1 నుంచి 0.9 దాకా ఊగుతుంది, మధ్యలో 0.45 దగ్గర ఒక్కసారిగా తిరగబడుతుంది. పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడడానికి అది చాలు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఇంజను కోరే మిశ్రమం లాంబ్డా 0.80 నుంచి 0.88 మధ్య ఉంటుంది (లాంబ్డా 1 అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయాయని, అంతకు తగ్గితే పెట్రోలు ఎక్కువని, మించితే తక్కువని). అక్కడ నారోబ్యాండ్ చెప్పేది ‘రిచ్’ (పెట్రోలు ఎక్కువ) అన్న ఒక్క మాటే, ఎంత రిచ్ అన్నది దానికి తెలియదు. వైడ్‌బ్యాండ్‌లో అదనంగా పంపు కణం ఒకటి ఉంటుంది. లోపలి చిన్న గదిలోకి ఆక్సిజన్‌ను తోడుతూ లేదా బయటికి తోడేస్తూ కంట్రోలర్ ఆ గదిని ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గరే నిలుపుతుంది. అందుకు ఎంత విద్యుత్ ప్రవాహం పట్టిందో దాన్ని బట్టి అసలు మిశ్రమాన్ని లెక్కగడుతుంది. ఇంతా జరగడానికి లోపలి పింగాణీ మూలకం సుమారు 780 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. పడవలో తలనొప్పులన్నీ ఈ అంకె దగ్గరే మొదలవుతాయి.

ఇంజను లోపలే ఉండే ఇన్‌బోర్డ్ పడవ సైలెన్సర్ వ్యవస్థ కారుది వంటిది కాదు. సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే మానిఫోల్డు చుట్టూ నీటి జాకెట్ ఉంటుంది. మానిఫోల్డు నుంచి పొగను పైకి తీసుకెళ్లే రైజరు దాటగానే చల్లబరిచే నీటిని పొగలోకే వదిలేస్తారు. రైజరు తరువాత సెన్సార్ పెడితే ఎర్రగా కాలిన పింగాణీపై నీటి బొట్టు పడి అది పగులుతుంది. మా బావ పడవ నా షెడ్డుకు వచ్చేటప్పటికే అంతకుముందు ఎవరో సరిగ్గా అలాంటి చోటే బిగించిన సెన్సార్ ఒకటి పగిలి ఉంది. పొగలోకి నీరు కలిసే చోటుకు ముందే, మానిఫోల్డుకూ రైజరుకూ మధ్య సెన్సార్ ఉండాలి. పోత ఇనుప మానిఫోల్డుపై వెల్డింగ్ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే లేత్ మీద స్టెయిన్‌లెస్ స్టీల్ స్పేసర్ ఒకటి తిప్పించి, నీటి దారులకు తగలకుండా పక్కగా ఎం18 నట్టు వెల్డింగ్ చేయించాను. సెన్సార్ మొన కిందికి చూస్తూ, వెనక భాగం అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలన్న తయారీదారు నియమాన్ని పాటించాను. చెమ్మ మొన దగ్గర నిలవకుండా జారిపోవడానికే ఆ వాలు.

అయినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరిచి ఉండే హై పెర్ఫార్మెన్స్ కామ్‌షాఫ్ట్ వేస్తే, ఐడిల్‌లో పొగ వెనక్కి తన్ని, రైజరు అవతలి నీటి తుంపరను కూడా లాక్కొస్తుంది. ఈ ఇంజనుకు కంపెనీ కామే ఉంది కాబట్టి ఆ బాధ పడలేదు. పెద్ద కామ్ వేసుకున్నవారు పొడి హెడర్లు (నీటి జాకెట్ లేని పొగ గొట్టాలు), పొడవైన రైజర్లు లేకుండా ఈ సెన్సార్ జోలికి పోకపోవడమే మంచిది.

సెన్సార్‌ను వేడిచేసే హీటరుకు కరెంటు ఎప్పుడు అందాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఇంజను ఆడుతుండగా సెన్సార్ చల్లగా ఉంటే మసి పట్టి మూసుకుపోతుంది. ఇంజను స్టార్ట్ కాకముందే చాలాసేపు వేడెక్కితే పైపులోని చెమ్మ తగిలి పగలవచ్చు. ఫ్యూయల్ పంపు రిలే నుంచి కరెంటు తీసుకుంటే రెండూ తప్పుతాయి. కంట్రోలర్‌ను మాత్రం ఇంజను గదిలో పెట్టకండి. పెట్రోల్ ఆవిరి చేరే ఆ గదిలో నిప్పురవ్వ రాని, అందుకు తగినట్టు తయారైన ఎలక్ట్రికల్ సామాను మాత్రమే ఉండాలి. స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయరు (ఆ గది గాలిని బయటికి తోసే పంఖా) తిప్పమని చెప్పేదీ ఆ ఆవిరి భయంతోనే. నా కంట్రోలర్ డాష్‌బోర్డు వెనక ఉంది.

ఇక అసలు ట్యూనింగ్. బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాటు ఎక్కే కారుకు పలమనేరు చేరాక ఊపిరి అందుతుంది; నీటి మీద పడవ ఇంజనుకు మాత్రం ఆ ఘాటు ఎప్పటికీ ముగియదు. ప్రొపెల్లర్ కోరే శక్తి దాదాపు ఆర్‌పీఎమ్ ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలి వాలులో జారే అవకాశమే లేదు. ఇంజను కంప్యూటరైన ఈసీయూలో వీఈ పట్టిక ఉంటుంది; ఏ ఆర్‌పీఎమ్‌లో, ఎంత బరువు మీద సిలిండర్లు ఎంత గాలి పీలుస్తాయో, దాన్ని బట్టి ఎంత పెట్రోలు పోయాలో చెప్పేవి దాని గళ్లు. పై కారణాల వల్ల ఆ పట్టికలో పడవ ఇంజను తిరిగే గళ్లు చాలా తక్కువ: కింది మూల నుంచి పై మూలకు వాలుగా పోయే ఒక సన్నని పట్టీ, దానికి తోడు పడవ నీటి పైకి లేచే ముందు తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే బరువంతా మోసే ఒక చిన్న గుంపు. కారులో రోజుల తరబడి తిరిగితే తప్ప నిండని లాగ్ (నడుపుతూ నమోదు చేసే కొలతల చిట్టా) ఇక్కడ ఒక్క పూటలో నిండుతుంది. వేరే పిచ్ (రెక్కల వాలు) ఉన్న ప్రొపెల్లర్ వేసిన మరుక్షణం ఆ పట్టీ పక్కకు జరుగుతుంది. అప్పటిదాకా ఎవరూ ముట్టని గళ్ల మీద ఇంజను పూర్తి బరువుతో నడుస్తుంది కాబట్టి, పట్టీకి ఇరువైపులా ఉన్న గళ్లను కూడా అదే నిష్పత్తిలో సరిచేసి పెట్టుకోవాలి.

సరిచేసే లెక్క సులువైనదే. కొలిచిన లాంబ్డాను కావలసిన లాంబ్డాతో భాగించి, వచ్చినదానితో ఆ గడిలోని అంకెను గుణించాలి. 0.85 కావలసిన చోట 0.92 కనిపిస్తే 8 శాతం పెంచాలి, అంటే 70 ఉన్న గడి దాదాపు 76 అవుతుంది. ఈ ఉదాహరణను నేను కల్పించలేదు. పడవను మొదటిసారి నీటిలో పూర్తి థ్రాటిల్‌తో నడిపినప్పుడు కనిపించిన అంకె దాదాపు అదే, దానికి కారణం పెట్రోలు.

బావ ఇంజను తరం నాటి పడవ ఇంజన్లలో చాలావాటికి కంపెనీ నుంచి ఆక్సిజన్ సెన్సారే రాదు. అమెరికాలో 2010 నుంచి ఇన్‌బోర్డ్ ఇంజన్లకు కెటలిటిక్ కన్వర్టర్లు తప్పనిసరి అయ్యాకే ఈ సెన్సార్లు మామూలయ్యాయి. అంతకుముందటి ఇంజన్లు గాలి లోపలికి వచ్చే మానిఫోల్డు పీడనాన్నీ గాలి ఉష్ణోగ్రతనూ చూసి, పట్టికలో రాసిన కొలత ప్రకారం పెట్రోలు పోసి ఊరుకుంటాయి. మన బంకుల్లో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే అంతటా వచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలుకు పూర్తి దహనానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 పాళ్లే చాలు. కాబట్టి పాత పెట్రోలుకు 0.85 వచ్చేలా రాసిన పట్టిక, అంతే పరిమాణంలో ఈ20 పోస్తే 0.92 దాకా లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది. ఈసీయూకు ఈ సంగతి తెలిసే దారి లేదు. గంటల తరబడి నిండు బరువు మీద నడిచే ఇంజనులో ఆ తేడా వాల్వులనూ పిస్టన్లనూ కాల్చగలదు. నా దృష్టిలో ఈ పరికరం కొనడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

ఇక్కడే డయల్ గురించి ఒక ఫిర్యాదు. పెట్టెలోంచి తీసినప్పుడు అది గాలి-పెట్రోలు నిష్పత్తిని 14.7 ఆధారంగా చూపిస్తుంది. ఈ20 మీద అది 12.5 అన్నప్పుడు నిజంగా ఉన్నది దాదాపు 11.5. సెన్సార్‌కు తెలిసింది లాంబ్డా ఒక్కటే, మిగిలింది డయల్ చేసే గుణకారం. సెట్టింగు మార్చి లాంబ్డాలోనే చదవడం అలవాటు చేసుకుంటే బంకులో ఏ పెట్రోలు పోసినా లెక్క చెడదు. పూర్తి థ్రాటిల్‌కు 0.83, నిలకడగా సాగే వేగానికి 0.90 చుట్టూ పెట్టాను. ఇంతకంటే లీన్ చేస్తే పెట్రోలు మిగులుతుందని బావ వాదించాడు. “బావా, నడిసముద్రంలో మెకానిక్ దొరకడు” అన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

సెన్సార్ కొలిచేది మిగిలిన ఆక్సిజన్‌నే తప్ప కాలని పెట్రోలును కాదు. ఒక ప్లగ్గు మండకపోతే ఆ సిలిండర్‌లోని గాలి అంతా అలాగే బయటికి వచ్చి, డయల్ లీన్ అంటుంది. దాన్ని నమ్మి పెట్రోలు పెంచుకుంటూ పోయేవాళ్లను చూశాను. పొగ మానిఫోల్డు గ్యాస్కెట్ దగ్గర చిన్న లీకు ఉన్నా ఐడిల్‌లో ఇదే భ్రమ కలుగుతుంది. పైగా కనిపించేది ఆ వైపు నాలుగు సిలిండర్ల సగటు. పెట్రోలు చిమ్మే ఇంజక్టర్ ఒకటి మూసుకుపోయి, మిగతావి కాస్త ఎక్కువ పోస్తుంటే సగటు ముచ్చటగా ఉంటుంది, ఆ ఒక్క పిస్టన్ మాత్రం కాలిపోతుంది. అందుకని ఇంజక్టర్ల ప్రవాహాన్ని బెంచి మీద సరిచూడకుండా నేను లాగింగ్ మొదలుపెట్టను, ముగించాక ఎనిమిది ప్లగ్గులూ విప్పి రంగు చూడకుండా పడవను అప్పగించను.

సెన్సార్ చెప్పిన ప్రకారం ఈసీయూ తనంతట తానే పెట్రోలు సరిచేసుకునే క్లోజ్డ్ లూప్ పద్ధతిని పడవలో పూర్తి థ్రాటిల్ దగ్గర వాడడానికి నేను ఒప్పుకోను. సెన్సార్ చెడిపోయి పొరపాటున రిచ్ అని చెబితే ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. ఆ తగ్గింపు అత్యధిక వేడి ఉన్న క్షణంలోనే పడుతుంది. ఐడిల్, నిలకడ వేగాల దగ్గర 5 శాతం దాటకుండా అనుమతి ఇచ్చి చూశాను, ఇబ్బంది రాలేదు.

మన్నిక విషయానికి వస్తే, కారులో ఏళ్లు నడిచిన సెన్సార్ పడవలో అంతకాలం నిలవదు. ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబడతాయి, గ్యాస్కెట్లకు రాసే మామూలు సిలికాన్ పేస్టు ఆవిరి మూలకాన్ని విషంలా పాడుచేస్తుంది. ప్రతి సీజన్‌కు ముందు సెన్సార్‌ను విప్పి బయటి గాలిలో పట్టి చూస్తాను. ఆక్సిజన్ 20.9 శాతానికి దగ్గరగా చూపకపోతే పక్కన పెడతాను. ఈ రకం సెన్సార్ కనెక్టర్ లోపలే ఆ సెన్సార్‌కు సరిపడే నిరోధకం ఉంటుంది కాబట్టి, వైరు కోసి వేరే కనెక్టర్ అతికించి అమ్మేవాటిని, సగం ధరకు దొరికే నకిలీలను దూరం పెట్టాలి. పడవ వెనక బయట తగిలించే టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను ఉన్నవారికైతే ఈ ఖర్చు వద్దంటాను. అందులో మండకుండానే బయటికి జారిపోయే గాలి కొలతను చెడగొడుతుంది, కాలిన ఆయిల్ సెన్సార్‌ను మూసేస్తుంది.

పట్టిక కుదిరాక బావ పడవలో సెన్సార్ తీసేసి, ఆ నట్టుకు స్టెయిన్‌లెస్ మరబిరడా బిగించాను. ప్రొపెల్లర్ మార్చినా, ఇంజక్టర్లు మార్చినా, బంకులో ఇథనాల్ పాళ్లు మళ్లీ మారినా బిరడా విప్పి సెన్సార్ పెట్టడం పెద్ద పని కాదు.