హైదరాబాద్ నుంచి డాలస్, దుబాయ్ మీదుగా: ఏళ్లుగా తిరిగినవాడి మాట

శంషాబాద్ నుంచి డాలస్‌కి భూగోళం మీద తిన్నగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారి దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. కానీ ఆ దారిన నేరుగా పోయే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా మొదలుపెట్టింది గానీ అదీ నిలవలేదు. కాబట్టి దుబాయో, దోహానో, లండనో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. నేను ఎక్కువగా దుబాయ్ మీదుగానే తిరిగాను.

దుబాయ్ అంటే చుట్టు తిరిగి పోవడమే కదా అంటారు. అంత చుట్టేం కాదు. దుబాయ్ దాకా 2,550, అక్కణ్నుంచి డాలస్‌కి 12,900 కిలోమీటర్లు. పెరిగేది వెయ్యి పైచిలుకు, అంటే గాల్లో గంటంబావు. మన సమయం తినేసేది మధ్యలో ఆగడం.

పోయేటప్పుడు మొదటిది 4 గంటలు, రెండోది 16 గంటలు. సీటు ముందు తెరలో గ్రీన్‌లాండ్ వచ్చేసరికి ‘ఇంకా 7 గంటలు’ అని ఉంటుంది. సినిమాలూ అయిపోతాయి, నిద్రా రాదు, నా ఓపిక ప్రతిసారీ అక్కడే చచ్చిపోతుంది. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి దుబాయ్‌కి 15 గంటల లోపే. టికెట్ చూస్తే మాత్రం ఉల్టా కనిపిస్తుంది: చలికాలంలో ఇక్కడ తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి డాలస్‌లో ఉంటాం. పదకొండున్నర గంటల తేడా చేసే మాయ అది. తిరుగు ప్రయాణంలో అదంతా వడ్డీతో కట్టాలి.

రెండు గంటల లోపు కనెక్షన్ ఎంత చవకైనా వద్దు. దుబాయ్ టెర్మినల్ 3లో కొన్ని గేట్లకి రైలెక్కి పోవాలి, అమెరికా విమానాలకి గేటు దగ్గర మళ్లీ తనిఖీ. మొదటి విమానం ఆలస్యమై నాకు ఒకసారి రెండోది తప్పింది. మర్నాటి సీటు ఇచ్చారు గానీ, హోటల్ కూపన్ కోసం నిలబెట్టిన లైను తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు లాగుతాయి. 3 నుంచి 4 గంటల విరామం సరిగ్గా సరిపోతుంది.

వరంగల్‌లో గుమ్మం దాటినప్పటి నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో చెప్పులు విడిచేదాకా 32, 33 గంటలు వేసుకోండి. వెబ్‌సైట్లు చూపించే గంటలు నమ్మి సెలవు పెట్టకండి.

అమ్మానాన్న ఒంటరిగా వస్తుంటే బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. మా నాన్న ‘నేనేమన్నా ముసలోణ్నా’ అని అలిగాడు. గేటు మార్చినప్పుడు, డాలస్ ఇమిగ్రేషన్‌లో ఇంగ్లీషులో ప్రశ్నలు పడ్డప్పుడు వీల్‌చెయిర్ నెట్టే మనిషి పక్కనే ఉన్నాడని తర్వాత ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.