డిక్కీ టెంటుతో నాలుగేళ్లు, 61 రాత్రులు

కొనేముందు నేను చూసిన ప్రతి ఫొటోలోనూ బండి బల్లపరుపు నేల మీద నిలబడి ఉంది. డిక్కీ డోర్ మీద టెంటు తొడుగు ఒక్క ముడత లేకుండా బిగిసి ఉంది. గాలి లేదు, వాన లేదు, చుట్టుపక్కల ఒక్క రాయి లేదు. అలాంటి చోటు ఈ నాలుగేళ్లలో నాకు సరిగ్గా రెండుసార్లు దొరికింది. డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, బయట పడుకున్న ప్రతి రాత్రికీ రెండు లైన్లు రాసుకోవడం నాకు అలవాటు. మొన్న లెక్క తీస్తే 61 రాత్రులు తేలాయి. 40 దాకా మేమిద్దరం, 15 మా వాడితో కలిసి ముగ్గురం, మిగిలినవి నేనొక్కణ్నే.

ఇదేమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎస్‌యూవీ డిక్కీ డోర్ పైకెత్తి, దాని మీదుగా గుడ్డతో కుట్టిన సొరంగం లాంటి తొడుగు తొడుగుతాం. దాని అంచు చుట్టూ ఎలాస్టిక్ ఉంటుంది. అంచు నుంచి వేలాడే పట్టీల కొక్కేలు వెనక చక్రాల పైన ఉండే వంపుకీ, బంపర్ కిందికీ తగిలించాలి. తొడుగుకి అవతల మనిషి నిలబడగలిగే గది ఉంటుంది. వెనక సీట్లు మడిచి పడక బండిలో వేసుకుంటాం. చెప్పులు విడవడం, బట్టలు మార్చుకోవడం, వాన పడుతుంటే కూర్చుని చూడటం టెంటులో. డోర్ పైకి లేచే బళ్లకే ఇది కుదురుతుంది. వెనక డోర్ పక్కకి తెరుచుకునే బండి ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. నా టెంటు గది 2.4 మీటర్లు పొడవు, 2.1 వెడల్పు. సంచితో కలిపి బరువు 8 కిలోల లోపే. రంగు బూడిద, దాని గురించి చెప్పడానికేం లేదు.

మొదటి వాన మూడో రాత్రే పడింది. రెండింటప్పుడు మా ఆవిడ నా భుజం తట్టి, "ఏవండీ, మీ వైపు కూడా తడిగానే ఉందా?" అంది. ఉంది. పరుపు రెండు అంచులూ, దిండు, కాళ్ల దగ్గర మడిచి పెట్టిన దుప్పటి, అన్నీ నానాయి. సహజంగానే టెంటుని తిట్టుకున్నాను. తిరిగొచ్చాక కుట్ల మీద పూసే సీలర్ కొని ప్రతి కుట్టుకీ పూశాను. తర్వాతి వానకి మళ్లీ తడిసింది. మళ్లీ పూశాను. మూడోసారి తడిసినప్పుడు ఇక నిద్రెలాగూ లేదని టార్చిలైటు పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డాను. నీళ్లు టెంటులోంచి రావడమే లేదు.

బండి టాపు మీద పడిన వానంతా వెనక్కి పారుతోంది. ఆ రాత్రి నేను బండి ముక్కు కాస్త ఎత్తుగా, డిక్కీ పల్లంగా ఉండేట్టు ఆపాను. దాంతో అంత పెద్ద రేకు మీద పడ్డ నీళ్లన్నీ డోర్ కీలు దగ్గరున్న కాలవలోకి చేరి, అక్కడ నిండి, రెండు పక్కల స్తంభాల వెంట ధారగా దిగుతున్నాయి. తొడుగు ఎలాస్టిక్ అక్కడ రేకుని తాకుతుందే గాని సీలు వేసినట్టు అతుక్కోదు. ధార దాని కిందుగా దూరి నేరుగా పరుపు మీదికి వస్తోంది. గుడ్డ మీద 2000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటుంది. అంటే 2 మీటర్ల ఎత్తు నీటి స్తంభం దాని మీద నిలబెట్టినా కారడం మొదలుకాదని లెక్క. మామూలు వానకి అది చాలు. కాకపోతే ఆ లెక్క గుడ్డకే, గుడ్డకీ బండికీ మధ్య సందుకి కాదు.

ఆ రాత్రి తర్వాత నేను బండి ఆపే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ముక్కు రెండు వేళ్లంత పల్లానికి ఉండేట్టు ఆపుతాను. అప్పుడు టాపు మీది నీళ్లు ముందు అద్దం వైపు పోతాయి, వెనక కాలవ దాదాపు పొడిగా ఉంటుంది. ఇంకో లాభం నేను అనుకోకుండా దొరికింది. చాలా బళ్లలో మడిచిన వెనక సీటు పూర్తిగా చదునుగా పడుకోదు, డిక్కీ నుంచి ముందు సీట్ల వైపు ఎత్తుగా లేస్తుంది. నాదీ అంతే. ముక్కు దించేసరికి ఆ ఎత్తు, ఈ పల్లం కొట్టుకుపోయి పడక చదునైంది. మొదటి ఏడాదంతా నడుం పట్టేస్తోందని పరుపులు మార్చాను. మార్చాల్సింది పరుపు కాదు.

మరీ ఎక్కువ దించితే మాత్రం తెల్లారేసరికి మనిషి జారి ముందు సీట్ల సందులో తేలతాడు. కొలత కోసం ప్రత్యేకంగా ఏమీ కొనలేదు. సగం నీళ్లున్న బాటిల్‌ని పడక మీద, పడక పొడుగు వైపే పడుకోబెడతాను. లోపలి నీటి గీత బాటిల్ పొడుగునా సమానంగా ఉంటే సరే, ఒక పక్కకి వాలితే బండి ఒక అడుగు ముందుకో వెనక్కో. మా వాడికి ఇది పెద్ద ఆట. "నాన్నా, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు!" అని లోపలి నుంచి అరుస్తుంటాడు. ముక్కు పల్లానికి ఉంది కాబట్టి ఇంజిన్ ఆపి రివర్స్ గేరులో వదిలి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు చక్రాల ముందు రాళ్లు పెడతాను. తలలు డిక్కీ వైపే పెట్టుకుంటాం, గాలి అక్కడే ఆడుతుంది కనక.

గాలి అంటే గుర్తొచ్చింది. లేచి ఉన్న డిక్కీ డోర్ అంటే తెరచాపే. గాలి వెనక నుంచి టెంటులోకి తిన్నగా కొడితే తొడుగు ఉబ్బి, డోర్ మొత్తం ఊగుతుంది. ఓ రాత్రి ఆ ఊపుకి రెండు కొక్కేలు ఊడి, వాటిలో ఒకటి రేకుని కొట్టుకుంటూ తెల్లారేదాకా టకటకమంది. పొద్దున చూస్తే చక్రం పైన వేలెడంత గీత. అప్పట్నుంచి ప్రతి కొక్కేనికీ పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. బండి ముక్కు గాలి వచ్చే వైపు పెడితే టెంటు బండి చాటున ఉండిపోతుంది. ఇక్కడే చిక్కు. పల్లం ఒకవైపు, గాలి ఇంకోవైపు ఉంటే ఏది చూడాలి? మబ్బుంటే పల్లం, మబ్బు లేకపోతే గాలి. నా లెక్క ఇంతే.

బ్యాటరీ సంగతి ఎవరూ ముందు చెప్పరు. డిక్కీ తెరిచి ఉన్నంతసేపూ బండి తను మేలుకునే ఉండాలనుకుంటుంది. కొన్ని బళ్లలో లోపలి లైటు కాసేపటికి తనే ఆరిపోతుంది, నా బండిలో ఆరదు. ఒకే చోట రెండు రాత్రులు, మధ్యలో పగలు, కలిపి 36 గంటలు అలా వదిలేశాం. పొద్దున తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. తర్వాత కూర్చుని లెక్క వేశాను. 10 వాట్ల బల్బు 12 వోల్టుల మీద గంటకి సుమారు 0.8 ఆంపియర్ అవర్లు తింటుంది, 36 గంటలకి 30. నా బ్యాటరీ మొత్తం 45. పక్కన ఇంకో బండి ఆగి ఉండబట్టి జంపర్ కేబుళ్లతో బయటపడ్డాం.

దీనికి విరుగుడు సులువే. డిక్కీ డోర్ అంచున ఉన్న లాక్ కొండిని స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పి "క్లిక్" మనిపిస్తే, డోర్ మూసుకుందని బండి నమ్మేస్తుంది. లైటు ఆరిపోతుంది. కాకపోతే తిరిగి డోర్ వేసేముందు డిక్కీ తెరిచే బటన్ నొక్కి ఆ కొండిని విడిపించాలి. మరిచిపోయి దబ్బున వేస్తే లాక్ వంగుతుంది, ఇక అది పడదు. మరిచిపోకుండా స్టీరింగ్‌కి ఎర్ర గుడ్డ పీలిక కట్టుకుంటాను. లోపల పడుకుని రిమోట్‌తో లాక్ చేయడం కూడా వద్దు. లోపల కదలికని పట్టే సెన్సర్ ఉన్న బళ్లలో మనం పక్కకి ఒత్తిగిల్లగానే అలారం మోగుతుంది. డోర్ మీది బటన్‌తో లాక్ చేసుకుంటే చాలు.

ఒక్క విషయం మాత్రం సరదాగా చెప్పలేను. టెంటు తగిలించి ఉండగా ఏసీ కోసమో హీటర్ కోసమో ఇంజిన్ ఆన్ చేయకూడదు, ఐదు నిమిషాలు కూడా. పొగ గొట్టం సరిగ్గా టెంటు కిందే ఉంటుంది. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు లేవడు. టెంటులో పొయ్యి వెలిగించడమూ, చలి కాచుకోడానికి బొగ్గుల కుంపటి పెట్టుకోవడమూ అంతే. మా వంట ఎప్పుడూ బయటే, టెంటుకి పది అడుగుల దూరంలో.

చిరాకుల జాబితాలో మొదటిది బంపర్ కింద సందు. పైనంతా దోమతెర, జిప్పులు, బ్రహ్మాండం. కింద బంపర్‌కీ నేలకీ మధ్య జానెడు ఖాళీ. దాన్ని మూయాల్సిన గుడ్డ పొట్టిగా ఉంది, బండి ఎత్తుగా ఉంది. దోమలకి ఆ దారి మొదటి రోజే తెలిసిపోయింది, నాకు రెండు నెలలు పట్టింది. పాత దుప్పటిని పొడుగ్గా చుట్టి అక్కడ దూరుస్తున్నాను. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది. తెల్ల లైటు బదులు పసుపు లైటు వాడితే పురుగుల రాక కూడా చాలా తగ్గింది.

రెండోది బట్ట లోపల పట్టే చెమ్మ. మనిషి ఊపిరితో రాత్రంతా సుమారు గ్లాసెడు నీళ్లు ఆవిరిగా వదుల్తాడు, మేం ముగ్గురం. చలికాలం పొద్దున్నే అద్దాల మీద వేలితో పేర్లు రాసుకోవచ్చు. మొదట్లో చలికి భయపడి అన్నీ మూసేవాణ్ని, చెమ్మ ఇంకా పెరిగేది. ఇప్పుడు ముందు అద్దాలు రెండూ అంగుళం దించి, పైన దోమతెర గుడ్డ అయస్కాంతాలతో అంటిస్తాను. వెనక టెంటు జిప్పు పైభాగం కాస్త తెరిచి ఉంచితే గాలి ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది.

అసలు పెద్ద ఇబ్బంది ఇప్పుడు చెప్తాను. బండే ఇల్లయిపోతుంది, కదిలించలేం. పోయిన ఏడాది అర్ధరాత్రి మా వాడికి చెవినొప్పి మొదలైంది. పిల్లాడు ఏడుస్తున్నాడు, నేను చీకట్లో కొక్కేలు వెతుక్కుంటున్నాను. ఒక పట్టీ బురదలో బిగుసుకుపోయింది. మొత్తం విప్పి బండి కదిలేసరికి 11 నిమిషాలు. ఆ 11 నిమిషాల టెన్షన్ ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. దార్లో నొప్పి తగ్గి వాడు నిద్రపోయాడు, అది వేరే విషయం. తర్వాత ఇంటి దగ్గర రెండు ఆదివారాలు సాధన చేశాను. టెంటు బండి మీద ఆనుకోకుండా తనంతట తనే నిలబడేట్టు, బండి వైపు ఉన్న రెండు మూలలకీ కూడా మేకులు కొట్టి తాళ్లు కడుతున్నాను. అవసరమైతే నాలుగు కొక్కేలు ఊడదీసి, తొడుగుని చుట్టి టెంటు గుమ్మానికి కట్టేసి, డోర్ వేసుకుని పోవడమే. ఇప్పుడు రెండు నిమిషాలు. పగలు చుట్టుపక్కల తిరిగిరావాలన్నా టెంటు అక్కడే ఉంటుంది. తిరిగొచ్చి బండిని మళ్లీ అదే గుర్తుకి వెనక్కి తేవడం మాత్రం మా ఆవిడ సైగలు లేకుండా నా వల్ల కాదు.

మా బావమరిది నా టెంటు చూసి ముచ్చటపడి అలాంటిదే కొన్నాడు. అతని బండి డిక్కీ కరెంటుతో లేస్తుంది, దిగుతుంది. బంపర్ కింద కాలు ఊపినా పనిచేసే సెన్సర్ ఒకటి. మొదటి సాయంత్రమే తాళం జేబులో పెట్టుకుని బంపర్ కిందికి సంచీ నెడుతుంటే కాలు తగిలింది. డోర్ బీప్ బీప్ అంటూ తొడుగుతో సహా కిందికి దిగింది. "బావా, ఆపు బావా!" అంటాడు, నేనేం ఆపను? అడ్డం తగిలి అది ఆగేలోపు ఒక కుట్టు పర్రున చిరిగింది. అలాంటి బండి ఉన్నవాళ్లు టెంటు వేసేముందు సెట్టింగ్స్‌లో ఆ సెన్సర్‌నీ, ఆటోమేటిక్ డోర్‌నీ ఆపేయండి. నాది చేత్తో లేపే డోరే. దానికో బాధ ఉంది, లెండి. గట్టి చలిలో డోర్‌ని ఎత్తి పట్టుకునే గ్యాస్ రాడ్లు నీరసపడి డోర్ మెల్లగా జారుతుంది. కొలతకి కోసిన కర్ర ఒకటి ఆసరా పెడతాను.

ఇద్దరికైతే పడక హాయి. చక్రాల గూళ్ల మధ్య నా బండిలో 102 సెంటీమీటర్లుంది. ముగ్గురం పడుకున్న రాత్రుల గురించి నోటుబుక్కులో "మోచేయి" అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. వాడు పెరుగుతున్నాడు, ఈ ఏడాది నుంచి వాణ్ని టెంటు గదిలో మడత మంచం మీద పడుకోబెడుతున్నాం. వాడికి అదే ఇష్టం, గది అంతా తనదే అంటాడు.

ఇక అరుగుదల. టెంటుని నిలబెట్టే ఫైబర్‌గ్లాస్ కడ్డీల్లో ఒకటి రెండో ఏడాదే నిలువునా చీలింది. విరిగిన చోట కంటికి కనపడని నూగు చేతిలో దిగి మూడు రోజులు గుచ్చింది. దాని స్థానంలో అల్యూమినియం కడ్డీ వేశాను, మిగతావీ మారుస్తాను. పెద్ద జిప్పు ఇసుకకి పట్టేస్తే కొవ్వొత్తి ముక్కతో రుద్దితే మళ్లీ నడుస్తోంది. తొడుగు ఎలాస్టిక్ పోయినేడు సాగిపోయింది, టైలరు చేత కొత్తది కుట్టించాను.

గుడ్డ లోపల నీళ్లని ఆపే పూత మాత్రం నా తప్పు వల్లే పాడైంది. ఒకసారి తడిగా ఉన్నదాన్ని "రేపు ఆరేద్దాం" అని సంచిలో కుక్కి నెలన్నర మరిచిపోయాను. తడి మీద మడతపెట్టి ఉంచితే ఆ పూత విరిగి జిగురవుతుంది. తెరిచినప్పుడు మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి, లాగితే సర్రుమంటూ విడివడ్డాయి. పుల్లటి కంపు. మూడు రోజులు నీడలో ఆరేస్తే కంపు తగ్గింది, జిగురు తగ్గలేదు. బూజు కాదు కాబట్టి కడిగినా పోదు. మొన్నటి 61వ రాత్రి చిన్న వాన పడింది. పొద్దున ఆ మడత ఉన్నచోట వేలు పెట్టి చూశాను, చల్లగా తగిలింది. అటువైపు టెంటు కింద బకెట్టు పెట్టుకోవాలి ఇకనుంచి.