సీ వ్యూ అన్నాడు, బల్లి వ్యూ ఇచ్చాడు

ఆర్కే బీచ్ వెనక సందులో ఒక లాడ్జి, పేరెందుకు లెండి, ఫోన్‌లో "సీ వ్యూ మేడం, 3,200" అన్నాడు. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పొద్దున్నే దిగాం, నేను, మా ఆయన, మా అక్క కూతురు. ఎర్లీ చెకిన్ అని ఇంకో 700 గుంజాడు. రూంలోకెళ్లి కర్టెన్ తీస్తే పక్క బిల్డింగ్ వాళ్ల నీళ్ల ట్యాంకు, దానిమీద ఆరేసిన లుంగీ. సముద్రం ఏది బాబూ అంటే రూం బాయ్ బాత్రూం వెంటిలేటర్ చూపించి "బకెట్ ఎక్కితే అవుపడతాదండి" అన్నాడు. మా ఆయన నిజంగానే ఎక్కాడు. నీలం గీతొకటి కనపడిందట. ఇక మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు, బుక్ చేసింది నేనే కదా.

ఏసీ పక్కన మూడు బల్లులు. నేను చీపురు వెతుకుతుంటే పిల్ల "పిన్నీ ఆగు, దాని నడుం చూడు" అంది. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది, దానికి తిండి కంటే ఎముకలిష్టం. బల్లి కాళ్లు పక్కలకి చాపుకుని ఒళ్లు అటూ ఇటూ మెలితిప్పుతూ పోతుంది, ఆ మెలికకి ఒకవైపు ఊపిరితిత్తి నొక్కుకుపోతుంది కాబట్టి పరిగెడుతూ సరిగ్గా ఊపిరి పీల్చలేదట. మన క్షీరదాల వైపు వాళ్లకేమో నడుం దగ్గర పక్కటెముకలు పోయి, వెన్ను పైకీ కిందకీ వంగడం మొదలైంది. అన్నీ ఒకేసారి మారలేదు మళ్లీ. చైనాలో లియావోనింగ్ రాళ్లలో దొరికిన జెహోలోడెన్స్ అని ఎలుకంత జంతువు, దాదాపు 12.5 కోట్ల ఏళ్ల నాటిది, దాని గురించి 1999లో రాశారు, భుజం దగ్గర ఇప్పటి జంతువుల పోలికే, తుంటీ వెనక కాళ్లూ మాత్రం ఇంకా పాతకాలం వాటం. "ముందు సగం పిల్లి, వెనక సగం బల్లి అనుకో పిన్నీ" అంది.

అప్పుడు నోరు విప్పాడు మా ఆయన. "ఈ లాడ్జి కూడా అంతేగా, ముందు రిసెప్షన్ ఫైవ్ స్టార్, వెనక రూములు ఆదిమకాలం."

సబ్‌మెరైన్, కైలాసగిరి బానే ఉన్నాయి. బీచ్‌లో మురీ మిక్చర్ 40, అది తింటూ పిల్ల వాపోయింది. మా ఊరి బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ ముందు అందరూ ఫోటోలు దిగుతారా, అది దొరికిన గోదావరి లోయ రాళ్లలోనే, కోట అంటారు ఆ రాతి పొరల్ని, తొలి క్షీరదాలవీ దొరికాయి, కాకపోతే దాదాపు అన్నీ పళ్లే. 1981లో కోటథీరియం అని పేరు పెట్టింది కూడా పన్ను చూసే. పన్నుని బట్టి ఏం తిన్నదో ఊహించొచ్చు, ఎలా నడిచిందో ఎలా తెలుస్తుంది?

మర్నాడు జూ, ఆటో 350 (సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి). పులి పడుకునే ఉంది. మేం అరగంట నిలబడింది మాత్రం టికెట్ లేకపోయినా ఎక్కడైనా కనపడే ఉడత దగ్గర. చెట్టు మీంచి తలకిందులుగా దిగుతోంది, వెనక పాదాలు చూస్తే గోళ్లు పైకి తిరిగి బెరడుని పట్టుకుని ఉన్నాయి, అంటే చీలమండ దగ్గర పాదం మొత్తం వెనక్కి తిరిగిపోయింది! ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. ఉత్తర అమెరికాలో దొరికిన టైలోడస్ అనే పాతకాలపు క్షీరదం చీలమండ ఎముకలు కూడా ఇలా తిరిగేవేనని 1983లోనే తేల్చారట, డైనోసార్లు పోయాక కొంతకాలానికి బతికింది, ఉడతకి దగ్గరి చుట్టం కూడా కాదు, దాని వంశమే ఇప్పుడు లేదు. మా ఆయన తన పాదం తిప్పి చూసుకుని బెణికిందన్నాడు. తిరుగు ఆటో 400, కుంటుతున్నాడని చూసి 50 ఎక్కువ అడిగాడేమో.

చెకౌట్‌లో గట్టిగా అడిగితే 700లో 300 వెనక్కిచ్చాడు, అన్నీ పది రూపాయల నోట్లు. రూం తీసుకునేముందు వీడియో కాల్‌లో కిటికీ తెరిపించండి, బకెట్ ఎక్కకుండా. మా ఆయన కౌంటర్ దగ్గరే నిలబడి ముప్పై నోట్లూ లెక్కపెట్టాడు, రెండుసార్లు.