తోటకు కెమెరా: వైరుదా, సోలార్ సిమ్ముదా?

మాది అనంతపురానికి గంట దూరంలో చీనీ (బత్తాయి) తోట. రెండు బోర్లు, ఒక షెడ్డు. మూడేళ్ల కింద ఒక రాత్రి మోటారు కేబుల్ కోసుకుపోయారు. వెంటనే షెడ్డులో రికార్డరు పెట్టి నాలుగు వైరు కెమెరాలు బిగించాం. ఇంకో ఏడాదికి, దూరంగా ఉన్న రెండో బోరు దగ్గర సోలార్ ప్యానెల్‌తో నడిచే 4జీ కెమెరా ఒకటి పెట్టాం. ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: రాత్రి తోటలో ఎవరైనా పడుకుంటారా?

బొమ్మ రెండింటిలోనూ బాగానే వస్తుంది. తేడా అంతా అవి చెడిపోయే తీరులో ఉంది.

వైరు కెమెరాకు మొదటి శత్రువు కరెంటు. మాకు వ్యవసాయ లైను పగటిపూట 9 గంటలే. దొంగలొచ్చేది మిగతా 15 గంటల్లో. నాలుగు కెమెరాలు, రికార్డరు, రూటరు కలిపి సుమారు 50 వాట్లు లాగుతాయి. 15 గంటలకు అది 750 వాట్-అవర్లు. అందుకే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టాల్సి వచ్చింది. మాకు కెమెరాల కంటే వీటికే ఎక్కువ ఖర్చయింది. రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఒక వేసవి మర్చిపోయాం, ప్లేట్లు తేలాయి, బ్యాటరీ పోయింది.

రెండోది వైరు. క్యాట్-6 నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే నమ్మలేం. టీవీ కేబుల్ లాంటి కోయాక్సియల్ ఇంకా దూరం పోతుంది కానీ, ఎంత పొడవు రాగి తీగ లాగితే పిడుగు పడ్డప్పుడు రికార్డరుకు అంత ప్రమాదం. పైన కడితే ఉడతలు కొరుకుతాయి, మట్టిలో పూడిస్తే గొర్రు తగులుతుంది. మేం పైపులో వేసి అడుగున్నర లోతున పూడ్చాక ఆ బాధ తగ్గింది.

అన్నిటికంటే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది మాత్రం ఒక చిన్న బిళ్ల. పోయినేడు డ్రిప్ పైపుల చుట్టలు రెండు మాయమయ్యాయి. ఆ తేదీ కొట్టి వెతికితే రికార్డరులో ఏమీ లేదు. డిస్కు పోయిందేమోనని టెన్షన్ పడి, ఊరికే వెనక్కి తిప్పుతుంటే ఆ రాత్రి మొత్తం 2000 జనవరి 1 కింద కనబడింది. లోపలి సీఆర్ 2032 సెల్లు అయిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి పోతోంది. ఆ వీడియో పట్టుకుని స్టేషన్‌కు పోతే వాళ్లు ముందు చూసింది మూలనున్న తేదీనే. 2024 జులై 1 నుంచి కోర్టు సాక్ష్యాలకు కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. వీడియోలో తేదీ ఒకటి, జరిగిన తేదీ ఒకటి అయితే అవతలి వకీలుకు పండగే. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున రికార్డరు గడియారాన్ని ఫోన్‌తో సరిచూస్తాం.

డిస్కు లెక్క కూడా వేసుకోండి. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్‌తో రికార్డు చేస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ. నాలుగింటికి 86. అంటే 1 టీబీ డిస్కులో పదకొండు రోజులే ఉంటుంది. చివరి సాలులో పైపు పోయిన సంగతి రెండు వారాలకు తెలిస్తే వెతకడానికి ఏమీ మిగలదు.

ఇక సోలార్‌ది. వైరు లేదు, ఇన్వర్టరు లేదు, గడియారాన్ని నెట్‌వర్కే సరిచేస్తుంది. స్తంభం పాతి ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, మన ప్రాంతానికి 15 డిగ్రీలు వాల్చితే పనైపోతుంది. కానీ అది రాత్రంతా చూస్తూ ఉండదు. ఒంటి వేడి కదిలితేనే నిద్రలేస్తుంది. లేచే సరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి, వేగంగా పోయేవాడి వీపే దొరుకుతుంది. మే నెలలో గాలి వేడి మనిషి ఒంటి వేడి దాకా వస్తే ఆ సెన్సార్‌కు తేడానే తెలియదు. లోపలి లిథియం సెల్లులకు కూడా వేసవే యముడు. మాది రెండో వేసవి దాటాక తెల్లవారుజామున 4 గంటలకే ఆగిపోవడం మొదలైంది. సెల్లులు మార్చడానికి వీలున్న మోడలా అని కొనేటప్పుడు అడగనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సిమ్ రీచార్జి గడువు దాటితే కెమెరా గుడ్డిదే. ఫోన్‌లో ఊరికే గంటసేపు లైవ్ చూస్తే ఒక జీబీ దాకా ఖర్చు. మా నాన్న మొదటి వారం చీనీ చెట్లను సీరియల్ చూసినట్టు చూశాడు, డేటా ప్యాక్ అంతా మింగేసింది.

తుడవడంలో మాత్రం రెండూ ఒకటే. కాయలను పాడుచేసే మంగు నల్లికి గంధకం కొట్టాక అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లు చల్లి, తర్వాత మెత్తటి గుడ్డతో తుడవాలి. రాత్రి లైటుకు పురుగులు వస్తాయి, వాటి కోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది. ఆ దారం తెల్లగా మెరిసి బొమ్మంతా కమ్మేస్తుంది. పొడవాటి వెదురు కర్రకు పాత పెయింట్ బ్రష్ కట్టి వారానికోసారి దులుపుతాం. తోట చూసుకునే చిన్నాన్నకు ఇది అలవాటైపోయింది. "అబ్బోడా, కన్ను కడిగినా, ఒకసారి చూడు" అని ఫోన్ చేస్తాడు.

మనిషి కాపురముండే షెడ్డుకు వైరుదే మేలని నా లెక్క. రాత్రంతా రికార్డు చేస్తుంది, ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు, కటింగ్ ప్లయర్ పట్టగల కుర్రాడుంటే చాలు. ఎవరూ ఉండని బోరుకు సోలార్‌ది పెట్టండి. బ్యాటరీ తగ్గితే కనీసం ఫోన్‌లో చెబుతుంది. తోటంతా సోలార్‌వే ఆరు పెట్టిన వాళ్లను చూశాను. ఆరు సిమ్ములు, ఆరు గడువులు, రెండో ఏడాదికి మూడే పనిచేస్తున్నాయి.

సోలార్‌ది కొనే ముందు, వేయబోయే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌తో స్తంభం పాతే చోటే నిలబడి వీడియో కాల్ చేసి చూడండి. పగలు కాదు, రాత్రి ఎనిమిదింటికి, ఊరంతా ఫోన్లు చూసే వేళ.