అర్మేనియన్ స్ట్రీట్ గంటలు, సెంట్రల్ దగ్గర లాడ్జీ

చెన్నైలో పాత చర్చీలు చూడాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున అర్మేనియన్ స్ట్రీట్‌లో ఉండేట్టు చూసుకోండి. రాత్రి బస మాత్రం సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో వద్దు. మొదటిదాని గురించి ఎంత సంతోషంగా రాస్తున్నానో, రెండోదాని గురించి అంత మంటతో రాస్తున్నాను.

ఈ ప్రయాణం మా చిన్నాన్న కోసం. తెనాలి దగ్గర మా ఊరి చర్చిలో ఆయన కుర్రాడప్పటినుంచీ గంట కొట్టాడు. మైకుసెట్లు వచ్చాక గంట అవసరం తగ్గిందిగానీ, గంటల మీద ఆయనకున్న పిచ్చి తగ్గలేదు. చెన్నైలో అర్మేనియన్ స్ట్రీట్‌లోని అర్మేనియన్ చర్చిలో ఆరు గంటలున్నాయని, వాటిలో రెండు లండన్‌లో పోసినవని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ‘ఎప్పుడు తీసుకెళ్తావమ్మాయ్’ అని ఒకటే గొడవ. పిన్నిని కూడా వెంటబెట్టుకుని శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ సాయంత్రం శాంథోమ్ బసిలికా, బీచ్ చూశాం. బాగున్నాయి.

ఇక లాడ్జీ సంగతి. ఫోన్లో మాట్లాడినతను తెలుగువాడే, నెల్లూరు యాస. ఏసీ రూము 1,800, ముగ్గురు ఉండొచ్చు, 24 గంటల చెక్ అవుట్ అన్నాడు. మనవాళ్ళే కదా అని అడ్వాన్సు పంపాను. తీరా వెళ్తే కౌంటర్లో ఇంకొకతను. 1,800 ఏసీ లేకుండానట, ఏసీకి 400. మూడో మనిషికి పరుపు 300. రిమోట్ ఇవ్వడానికి ముందే ఆ 700 చేతిలో పెట్టమన్నాడు. పరుపు తెచ్చిన కుర్రాడు దాన్ని పరిచాక దుప్పటికి వేరే డబ్బులడిగితే పిన్ని గట్టిగా కేకలేసింది. దుప్పటి వచ్చింది, దానిమీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కూడా వచ్చింది.

అసలు దెబ్బ పొద్దున తగిలింది. ఏడున్నరకి తలుపు దబదబా బాదారు. ఎనిమిదింటికి ఖాళీ చెయ్యాలి, లేకపోతే సగం రోజు అద్దె 900 అన్నారు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి దిగాం, 24 గంటలన్నారు కదా అంటే, ‘అది సీజన్ లేనప్పుడండీ’ అన్నాడు కౌంటర్లో అతను, రిజిస్టర్లోంచి తలెత్తకుండా. ఫోన్లో మాట్లాడిన నెల్లూరాయన్ని పిలవమంటే డ్యూటీ దిగిపోయాడన్నారు. చిన్నాన్న స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు, నోరు మెదపలేదు. ఆయనకి టైము మీదే ధ్యాస. నేను వాదించీ వాదించీ 900ని 500కి తెచ్చేసరికి ఎనిమిదీ ముప్పావు. మొత్తం 3,000 వదిలింది. రేటు, చెక్ అవుట్ వేళ, ఎంతమంది అన్నది వాట్సాప్‌లో రాయించుకోకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకండి, తెలుగులో ఎంత తియ్యగా మాట్లాడినా సరే.

ఆ హడావుడిలో ఆటో ఎక్కాం, 250 తీసుకున్నాడు. సెంట్రల్ తర్వాతి మెట్రో స్టేషనే హైకోర్టు, అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. మీరు మెట్రోలోనే వెళ్ళండి, మనిషికి ఇందులో పదో వంతు కూడా కాదు.

తొమ్మిది దాటాక చర్చి గేటు దగ్గర దిగాం. టికెట్టు లేదు. వీధిలో ఎంత రొద ఉందో లోపల అంత నెమ్మది. నేలంతా సమాధి రాళ్ళు, వాటిమీద అర్మేనియన్ అక్షరాలు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పక్క న్యూ జుల్ఫా నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడి అర్మేనియన్ల పెద్దలు. మొదటి చర్చి 1712లో కట్టారు, ఇప్పుడున్నది 1772 నాటిది. ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది ఈ మద్రాసులోనే. దాన్ని నడిపిన హరుత్యూన్ ష్మవోన్యన్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. చెన్నైలోనే ఉన్న సెయింట్ థామస్ మౌంట్ కొండ ఎక్కే మెట్లు కట్టించింది కూడా ఒక అర్మేనియన్ వర్తకుడే, పేరు పెట్రస్ ఉస్కాన్. ఇప్పుడు ఊళ్ళో ఆ సంఘం లేదు, చర్చిని కలకత్తాలోని అర్మేనియన్లు చూసుకుంటున్నారు.

చిన్నాన్నకి ఇవేవీ పట్టలేదు. తిన్నగా గంటల గోపురం కిందికి వెళ్ళి మెడ వెనక్కి వాల్చి నిలబడ్డాడు. పైకి ఎక్కనివ్వలేదు, చెక్క మెట్లు పాతవి అన్నారు. సరైన మాటే.

తొమ్మిదిన్నరకి మొదలైంది. మొదటి గంట మోత ఇంకా గాల్లో ఉండగానే రెండోది అందుకుంది. గోడకి ఆనించిన నా అరచేతికి ఆ అదురు తెలిసింది. ఒక్కో గంట నూటయాభై కిలోల దాకా ఉంటుంది, మూతి వెడల్పు 21 నుంచి 26 అంగుళాలు. కొలతలు తేడా కాబట్టి గొంతులూ తేడా. చిన్నాన్న కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు. ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ గట్టిగా మాట్లాడుతుంటే, పొద్దున్నుంచీ పెదవి విప్పని మనిషి ఒక్కసారి ‘ఉష్’ అన్నాడు.

ఆగాక ఆయనకి మాటలొచ్చాయి. వీటిలో అన్నిటికన్నా పాతది 1754 నాటిది, దాన్ని 1808లో కరిగించి మళ్ళీ పోశారు, దానిమీద తమిళ అక్షరాలు కూడా ఉన్నాయి అని నేను చదివింది చెప్తే వెంటనే పట్టుకున్నాడు: ‘బీట పడుంటుందమ్మా. రాగి, తగరం కలిపిన కంచు గదా, తగరం పాలు ఎక్కువైతే మోత బాగుంటుందిగానీ పెళుసు. ఒకసారి బీట పడితే అతుకు పెట్టినా ఆ గొంతు రాదు. కరిగించి పొయ్యాల్సిందే.’ ఇంకో గంట పంతొమ్మిదేళ్ళకే చనిపోయిన ఎలియాజర్ అనే కుర్రవాడి జ్ఞాపకంగా 1790లో చేయించింది. అది విని పిన్ని ఆ పేరు రెండుసార్లు పలికి, కాసేపు సమాధుల వైపు వెళ్ళి నిలబడింది.

లండన్ గంటలు రెండిటిమీదా థామస్ మియర్స్ పేరు, 1837 అన్న అంకె ఉన్నాయి. అంటే ఆయన నడిపిన వైట్‌చాపెల్ గంటల కార్ఖానావి. లండన్ బిగ్ బెన్ గంటని 1858లో పోసింది కూడా అక్కడే. ఆ కార్ఖానా 2017లో మూతపడింది. ‘పోసినవాళ్ళు పోయారు, గంట మోగుతోంది’ అని చిన్నాన్న ఆ మాటే తిప్పితిప్పి అన్నాడు. ఓడమీద వచ్చి, ఉప్పుగాలికి ఇన్నేళ్ళు తట్టుకుని, ఆ గంటలు ఇంకా ఆదివారం ఆదివారం మోగుతున్నాయంటే రోజూ కనిపెట్టుకుని ఉన్న మనుషులుండబట్టే. సంఘమే లేని చోట ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

మంగళవారం మాత్రం ఆ వైపు వెళ్ళకండి. అదే వీధిలో ఉన్న అంతోణియార్ గుడికి, అంటే సెయింట్ ఆంథోనీ మందిరానికి, జనం విరగబడి వస్తారు. అర్మేనియన్ చర్చి లోపలికి వెళ్ళాలంటే మధ్యాహ్నం రెండున్నరలోపే చూసుకోవాలి.

భోజనం జార్జ్‌టౌన్‌లోనే ఒక తెలుగు మెస్‌లో. ముగ్గురికీ 480. గోంగూర, కందిపొడి, మారు అడక్కముందే నెయ్యి. వడ్డించినాయన మూడు తరాలుగా ఇక్కడేనట, అయినా ఆ గంటల సంగతి వినలేదన్నాడు. చిన్నాన్న తినడం ఆపి ఆయనకి వేళ, వీధి అన్నీ చెప్పి, వచ్చే ఆదివారం వెళ్తానని మాట తీసుకున్నాడు.

తిరుగు పినాకినిలో గూడూరు దాటకముందే మా ఊరి పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ‘అయ్యగారూ, మన గంటకి నాలుక కొట్టుకునే చోటు అరిగిపోయింది. ఒకేచోట తగిలితే బీట పడుద్ది. దింపించి పావువంతు తిప్పి మళ్ళీ బిగిద్దాం, తాడు కూడా కొత్తది వేద్దాం. ఖర్చు నాది.’

పక్కనుంచి పిన్ని, ‘ఆ లాడ్జీవాడికి పోసిన మూడువేలుంటే తాడు వచ్చేది’ అంది.