సింగపూర్‌లో చివరి రోజు: విశాఖ విద్యార్థులతో

విశాఖ నుంచి మా కళాశాల విద్యార్థులను తీసుకువెళ్ళిన సింగపూర్ యాత్రలో చివరి రోజుకు ట్రావెల్ ఏజెంటు ఊరి నలుమూలలా ఉన్న చోట్లన్నీ కలిపి ఒక పట్టిక వేసి ఇచ్చారు. రాత్రికే తిరుగు విమానం ఉన్నందున ఆ పట్టికను పక్కన పెట్టి, డౌన్‌టౌన్ లైను మెట్రో మీద ఉన్న చోట్లనే ఎంచుకున్నాము. రోజంతటికీ బస్సు మాట్లాడుకోవలసిన ఖర్చు దీనితో తప్పింది.

మేము బస చేసిన లిటిల్ ఇండియా హాస్టల్‌లో గదులు ఇరుకు, ఉదయపు ఫలహారం రొట్టె, జాము తప్ప మరేమీ కాదు. అయినా స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి. గది ఖాళీ చేసిన తరువాత కూడా సామాను సాయంత్రం వరకు ఉచితంగా ఉంచనిచ్చారు. చివరి రోజున మెత్తని పరుపు కన్నా ఈ సౌకర్యమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

అక్కడి నుంచి మూడు స్టేషన్ల దూరంలోని బొటానిక్ గార్డెన్స్‌కు తెల్లవారగానే వెళ్ళాము. 1859లో నెలకొల్పిన ఈ తోటను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. లోపలి ఆర్కిడ్ వనానికి తప్ప ప్రవేశ రుసుము లేదు. 1888లో ఇక్కడ బాధ్యతలు చేపట్టిన హెన్రీ రిడ్లీ, చెట్టుకు హాని కలగకుండా బెరడును గీసి రబ్బరు పాలు తీసే పద్ధతిని రూపొందించి, ఆ పంటను వేయమని తోటల యజమానులను విసుగు లేకుండా ఒప్పిస్తూ వచ్చారు. మలయా రబ్బరు పరిశ్రమ ఎదగడానికి ఆ కృషి పునాది అయింది. ఒక ప్రయోగం పరిశ్రమగా మారిన తీరును విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు ఆ ఊరిలో నాకు కనబడలేదు. వారికి మాత్రం అయిదు డాలర్ల నోటు మీద ఉన్న టెంబుసు చెట్టును ఎదుట చూడడమే ఎక్కువ నచ్చింది. నోటును చెట్టుకు ఎదురుగా పట్టుకుని కొమ్మలు సరిపోల్చుకుంటూ చాలాసేపు అక్కడే నిలిచిపోయారు.

మధ్యాహ్న భోజనం లిటిల్ ఇండియాలోనే ఉన్న టెక్కా సెంటర్‌లో, చిన్న చిన్న తిండి దుకాణాలు ఒకే కప్పు కింద ఉండే చోట, చేశాము. ధర, రుచి రెండూ తృప్తికరమే. శాకాహారులు పస్తుండవలసిన అవసరం రాదు. తిన్న తరువాత పళ్ళేన్ని ఎవరికి వారే తీసుకువెళ్ళి నిర్ణీత స్థలంలో పెట్టాలన్న నియమం ఉన్నందున పిల్లలకు ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.

తరువాత బేఫ్రంట్ స్టేషన్‌లో దిగి గార్డెన్స్ బై ది బే అనే పెద్ద ఉద్యానవనం చూశాము. అక్కడి సూపర్‌ట్రీలను, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన నిర్మాణాలను, కింది నుంచి చూడడానికి డబ్బు కట్టనక్కరలేదు. కొన్నింటిపై సౌర ఫలకాలు ఉన్నాయి. మొక్కలు పెంచే గాజు మందిరాలు రెండింటికీ టికెట్టు ఉంటుంది. ఒకటే చూడగలిగితే క్లౌడ్ ఫారెస్టునే చూడాలి. అందులోని 35 మీటర్ల కృత్రిమ జలపాతం, అరకు దారిలో కటికి జలపాతం చూసివచ్చిన మా పిల్లలను పెద్దగా కదిలించలేదు గాని, ఎత్తైన కొండల మీద మాత్రమే బతికే మొక్కలను భూమధ్యరేఖకు చేరువలో చల్లని గాలి నింపి పెంచుతున్న విధానం వారిని ఆపింది. సూపర్‌ట్రీల దీపాల ప్రదర్శన చీకటి పడ్డాకే కాబట్టి, రాత్రి విమానం ఉన్నవారు దానిని ముందు రోజు సాయంత్రమే చూసుకోవాలి.

సామానుతో విమానాశ్రయానికి వెళ్ళడానికి మాత్రం బస్సు మాట్లాడుకున్నాము. విమానాశ్రయాన్ని ఆనుకుని 2019లో తెరిచిన జ్యువెల్ అనే దుకాణాల సముదాయంలో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలధారను ఉచితంగానే చూడవచ్చు. అక్కడి భోజనశాలలు టెక్కాతో పోలిస్తే బాగా ఖరీదు. ఒకే దుకాణంలో కనీసం వంద డాలర్లకు కొన్న వస్తువులపై, ఆ దుకాణం ఈ పథకంలో ఉంటే, పర్యాటకులు జీఎస్‌టీ వాపసు కోరవచ్చు. ఆ వస్తువులను పెద్ద పెట్టెలో పంపదలచితే, పెట్టె అప్పగించకముందే పాస్‌పోర్టుతో విమానాశ్రయంలోని కియాస్కు (స్వయంసేవా యంత్రం) వద్ద వాపసు పని పూర్తి చేసుకోవాలి. బృందంగా వెళ్ళినవారు దీనికోసమే ఒక గంట ముందుగా చేరుకోవడం అవసరం.